ఇంటర్వ్యూ గది దాకా తోడు
మన సంఘం వార్షిక సమావేశంలో, మూసారాంబాగ్‌లో చేసిన ప్రసంగ పాఠం

 

మమ్మల్ని హాస్టల్ తరఫున మాట్లాడమన్నారు. మాట్లాడేది ఒక్క మనిషే అయినా ‘మేము’ అనే చెబుతాం. హాస్టల్ ఒక్కరిది కాదు కదా. వార్డెన్ ఉంటుంది, వంటక్క ఉంటుంది, రాత్రి కాపలా ఉండే అన్న ఉంటాడు, చదువుకుని వెళ్లిపోయినా ఫోన్ చేసే పిల్లలుంటారు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లో మంచి ఏమైనా ఉంటే అది అందరిదీ. తప్పులు మాత్రం ఎక్కువగా వార్డెన్ గదిలో జరిగినవే.

విషయం ఇది. డిగ్రీలో బీజడ్‌సీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ చదివిన మన ఆడపిల్లలు ఎమ్మెస్సీకి, ఆ పైన పీహెచ్‌డీకి ఎట్లా వెళ్లాలి? ఇంటర్వ్యూలో ఏం జరుగుతుంది? రెండు చోట్ల సీటొస్తే ఏది పట్టుకోవాలి? ఇంటికి ఏమని చెప్పాలి? పుస్తకంలో ఉండే సంగతులు కొన్ని, మేము దెబ్బతిని నేర్చుకున్నవి కొన్ని చెబుతాం.

మొదట మా తప్పు

పదిహేనేళ్ల కింద మా హాస్టల్లో ఒక అమ్మాయి ఉండేది. బీఎస్సీలో జువాలజీ అంటే ప్రాణం. రాత్రి పదింటికి లైట్లు తీసేశాక కూడా వరండాలో కూర్చుని చదివేది. ఫైనలియర్ అయ్యాక వచ్చి, “మేడమ్, జెనెటిక్స్‌లో ఎమ్మెస్సీ చేయాలని ఉంది” అంది. “ముందు బీఈడీ చెయ్యి బిడ్డా, టీచర్ ఉద్యోగం వస్తే ఇల్లు నిలబడుతుంది” అని చెప్పాం. మేము చదివింది బీఈడీ, మాకు తెలిసిన దారి అదొక్కటే. ఆ పిల్ల మా మాట విని బీఈడీ చేసింది. ఇప్పుడు టీచర్, బాగానే ఉంది, ఇల్లు కూడా నిలబడింది.

మూడేళ్ల కింద ఒకరోజు హాస్టల్‌కు వచ్చింది. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, నెమ్మదిగా అడిగింది: “మేడమ్, అప్పుడు మీకు తెలియక బీఈడీ అన్నారా, నాకు రాదని అన్నారా?”

“తెలియకనే అన్నాం” అని చెప్పాం. అది నిజం. కానీ ఇన్నేళ్లు ఆ పిల్ల ‘నాకు రాదని మేడమ్ అనుకుంది’ అనే మాటను మోసుకుని తిరిగిందని ఆ రోజే మాకు తెలిసింది. టీచర్ ఉద్యోగం తక్కువదని మేము అనడం లేదు. మేము చదివిందీ ఆ చదువే. 2024లో 11,062 పోస్టులతో డీఎస్సీ పడినప్పుడు మా పిల్లల్ని దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్‌లకు పంపింది కూడా మేమే. కానీ ఎంచుకునే పిల్లకు రెండు దారులూ కనబడాలి. ఒకటే చూపించి ‘ఇదే మంచిది’ అంటే దాన్ని సలహా అనలేం. ఆ రోజు నుంచి మాకు తెలియని దారుల గురించి అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టాం.

వంతెన అవతల

మనం కూర్చున్న ఈ మూసారాంబాగ్ నుంచి మూసీ వంతెన దాటితే అంబర్‌పేట్. అక్కణ్నుంచి కాస్త ముందుకు పోతే హబ్సిగూడ. అక్కడ ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ ఉంది, కణాల గురించి, జన్యువుల గురించి పరిశోధన చేసే సంస్థ. 1977లో మొదలైంది. మొదటి డైరెక్టర్ పుష్ప మిత్ర భార్గవ గారు. మన దేశంలో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ను నిలబెట్టిన లాల్జీ సింగ్ గారు పనిచేసింది అక్కడే. ఇంకొంచెం ముందుకు పోతే ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ. ఇటు తార్నాక వైపు ఉస్మానియా. ఊరికి ఆ చివర గచ్చిబౌలిలో 1974లో పెట్టిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం, గోపన్‌పల్లిలో టీఐఎఫ్‌ఆర్.

దేశమంతా నుంచి పిల్లలు రైలెక్కి ఈ సంస్థలకు వస్తారు. మా పిల్లలు మూడేళ్లు వాటి పక్కనే ఉండి కూడా గేటు చూడకుండా ఊరికి వెళ్లిపోయేవాళ్లు. ఇందులో ఎవరూ ఆపింది లేదు. మేమే తీసుకెళ్లలేదు, అంతే. సెప్టెంబరు 26 సీఎస్‌ఐఆర్ వ్యవస్థాపక దినం. ఆ రోజుల్లో సీసీఎంబీ వాళ్లు ప్రయోగశాలలు తెరిచి విద్యార్థులకు చూపిస్తారు. మొదటిసారి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు, సూక్ష్మదర్శిని దగ్గర నిలబడి వివరిస్తున్నది ఒక పీహెచ్‌డీ విద్యార్థిని. తిరిగి బస్సులో వస్తూ మా పిల్లలు మాట్లాడుకున్నది ఆ యంత్రాల గురించి కాదు. “ఆ అక్క మనలాగే చెప్పులేసుకుంది” అని. శాస్త్రవేత్త అంటే కోటు వేసుకుని ఎక్కడో ఉండే మనిషి అనుకున్నారు. చెప్పులేసుకున్న అక్క కనబడేసరికి సగం భయం పోయింది.

దారులు ఎన్ని

ఇప్పుడు దారుల సంగతి. పిల్లలు రాసుకోండి.

ఎమ్మెస్సీకి మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీగెట్ ఉంది, ఉస్మానియా నిర్వహిస్తుంది. ఇందులో ఇంటర్వ్యూ ఉండదు. ర్యాంకు, వెబ్ ఆప్షన్లు, సర్టిఫికెట్ల పరిశీలన, అంతే. రాష్ట్రంలో 2022 నుంచి చదువుల్లో ఎస్టీ రిజర్వేషన్ 10 శాతం. కేంద్ర విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ-పీజీ. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్ష, అందులో మన పిల్లలకు సరిపోయేది బయోటెక్నాలజీ పేపరు. డీబీటీ సాయంతో నడిచే బయోటెక్నాలజీ ఎమ్మెస్సీలకు గ్యాట్-బి. కేంద్ర సంస్థల్లో 2006 చట్టం ప్రకారం ఎస్టీలకు 7.5 శాతం సీట్లు.

బీఎస్సీ అయ్యాక నేరుగా ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి చేసే దారి కూడా ఉంది. బెంగళూరు ఐఐఎస్‌సీలో, ఇంకొన్ని చోట్ల దీన్ని ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ అంటారు. మన పిల్లల్లో ఈ మాట విన్నవాళ్లే తక్కువ.

పీహెచ్‌డీకి పెద్ద దారి సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్. లైఫ్ సైన్సెస్ పేపరు 200 మార్కులకు ఉంటుంది. పార్ట్ ఎ, బి ప్రశ్నలకు రెండేసి మార్కులు, పార్ట్ సి ప్రశ్నలకు నాలుగేసి. పార్ట్ సి లో 75 ప్రశ్నలిచ్చి 25 రాస్తే చాలంటారు. ఆ 25 మార్కుల్లో సగం లెక్క, అంటే మొత్తం 200లో 100. అందుకే మా పిల్లలకు ‘అన్నీ కొంచెం కొంచెం చదవకండి, ఆరేడు పాఠాలు లోతుగా చదవండి’ అని చెబుతాం. జేఆర్‌ఎఫ్ వయసులో మనకు, ఆడపిల్లలకు ఐదేళ్ల సడలింపు ఉంది. ఇంకో దారి జీజీబిల్స్ అనే పరీక్ష, ఎన్‌సీబీఎస్ లాంటి సంస్థలకు. అది డిసెంబరులో ఉంటుంది.

జేఆర్‌ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత 42,000. జేఆర్‌ఎఫ్ రాకపోయినా పీహెచ్‌డీలో సీటు ఉంటే కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఇచ్చే ఎస్టీ నేషనల్ ఫెలోషిప్‌కు పెట్టుకోవచ్చు. ఏటా 750 మందికి ఇస్తారు. విదేశాలకు వెళ్లేవాళ్లకు అదే శాఖ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏటా 20 మందికి ఉంది, అందులో 3 చెంచు, కోలాం, కొండరెడ్డి, తోటి లాంటి పీవీటీజీ తెగలవాళ్లకు. అమెరికా సంగతి కూడా ఒక్క మాట చెబుతాం. అక్కడ జీవశాస్త్రంలో పీహెచ్‌డీకి చాలాచోట్ల ఫీజు లేకుండా స్టైపెండ్ ఇచ్చి చదివిస్తారు. దరఖాస్తు డిసెంబరులో, ఇంటర్వ్యూలు జనవరి నుంచి మార్చిలో, స్టైపెండ్‌తో సీటిచ్చిన చోటికి జవాబు చెప్పడానికి ఏప్రిల్ 15 దాకా గడువు.

ఇంటర్వ్యూ అంటే

నెట్ వచ్చింది కదా, ఇక అయిపోయిందని ఊళ్లో స్వీట్లు పంచుతారు. పంచండి. కానీ అసలు పని అక్కడే మొదలవుతుంది. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రవేశ పరీక్ష రాసి వచ్చేవాళ్లకు పరీక్షకు 70, ఇంటర్వ్యూకు 30 చొప్పున లెక్క. జేఆర్‌ఎఫ్ ఉన్నవాళ్లను ఇంటర్వ్యూ మీదనే తీసుకోవచ్చు. అంటే పావుగంటో, అరగంటో నోరు తెరిచి మాట్లాడటం మీద ఐదేళ్ల జీవితం ఆధారపడి ఉంటుంది.

మా హాస్టల్ నుంచి మొదట వెళ్లిన అమ్మాయి అక్కడే ఆగిపోయింది. ఆ సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. లోపలికి వెళ్లి కూర్చోగానే బల్లకు అటువైపు నుంచి ఒకాయన మొదట అడిగిన ప్రశ్న, “ఎస్టీ కోటాలోనా?” అని. ఆ తర్వాత అడిగిన ఏ ప్రశ్నకూ ఆ పిల్ల నోరు పెగల్లేదు. అన్నీ తెలిసిన ప్రశ్నలే. రాత్రి అన్నం దగ్గర ఒక్కొక్కటీ మాకు చెప్పింది, ప్రతిదానికీ సరైన జవాబుతో సహా.

మేము ఆ రాత్రి చాలాసేపు కూర్చున్నాం. కోపం వచ్చింది. కానీ కోపంతో పిల్ల తర్వాతి ఇంటర్వ్యూ గట్టెక్కదు. మాకు తెలిసిన పని పాఠం చెప్పడం. బీఈడీలో మాకు నేర్పిన మొదటి సూత్రం తెలిసిన దాని నుంచి తెలియని దానికి వెళ్లమని. దాన్నే పట్టుకున్నాం.

అన్నాలయ్యాక భోజనాల గదిలో బల్లలు జరిపి, నల్లబల్ల తెచ్చి పెట్టాం. వార్డెన్, వంటక్క, కాపలా అన్న, చుట్టుపక్కల డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే ఇద్దరు లెక్చరర్లు ఒకవైపు. పిల్ల ఒక్కతే ఇంకోవైపు. తెలుగులో మొదలుపెట్టి, రెండో వారం నుంచి ఇంగ్లిష్‌లోకి మార్చాం. మొదటి ప్రశ్న ప్రతిసారీ ఒకటే పెట్టాం: “కోటాలోనా?” వంటక్కే అడిగేది, చేతులు కట్టుకుని మరీ. మొదటి రెండు రోజులు పిల్లలు నవ్వారు. మూడో రోజు ఒక పిల్ల ఏడ్చింది. వారం తిరిగేసరికి ఆ ప్రశ్నకు పదును పోయింది. “అవును సార్, ఎస్టీ అభ్యర్థిని. నా డిసర్టేషన్ గురించి చెప్పమంటారా?” అని ఒకే ఊపులో అనడం వచ్చేసింది. రిజర్వేషన్ చట్టం ఇచ్చింది. దానికి సిగ్గుపడాల్సింది లేదు, వాదనకు దిగాల్సింది కూడా లేదు. ఉన్న సమయమంతా సబ్జెక్టు కోసం దాచుకోవాలి.

ఒక రాత్రి వంటక్క తన సొంత ప్రశ్న అడిగింది. ఆమెది ఉట్నూరు వైపు. “ఇప్పపూలు తెల్లారకముందే ఎందుకు రాలతయి?” అని. పుస్తకం పట్టుకున్న పిల్ల దిక్కులు చూసింది. లెక్చరర్ సార్ అందుకున్నారు: “సరే, ఇప్పచెట్టు దగ్గర రాత్రి ఏం తిరుగుతాయి?” “గబ్బిలాలు సార్.” “ఎందుకు?” “పూలు తినడానికి. తీయగా ఉంటాయి.” “మరి చెట్టుకేం లాభం?” ఆ పిల్ల ఒక్క నిమిషం ఆగి, “పుప్పొడి మోస్తాయి కావచ్చు” అంది. “కావచ్చు అంటే ఎట్లా? గబ్బిలాల వల్లనే కాయ కాస్తుందని నాకెట్లా నమ్మకం కలిగిస్తావు?”

ఆ రాత్రి పదకొండున్నర దాకా ఆ నల్లబల్ల మీద ఇప్పచెట్టే ఉంది. కొన్ని కొమ్మలకు రాత్రిపూట వల కట్టి పగలు తీసేయాలి. కొన్నింటికి పగలు కట్టి రాత్రి తీసేయాలి. కొన్నింటిని అట్లాగే వదిలేయాలి. చివర్లో ఏ కొమ్మకు ఎన్ని కాయలో లెక్కపెట్టాలి. “వల కట్టడం వల్లనే పూత చెడిపోయిందేమో?” అని సార్ మళ్లీ అడ్డం తిరిగారు. అప్పుడు ఇంకో పిల్ల వెనక నుంచి, “రాత్రీ పగలూ వల ఉంచి, చేత్తో పుప్పొడి రాసి చూస్తాం సార్. అయినా కాయ పడితే వల తప్పు కాదు” అంది. “ఇదే నాయనా, పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో అడిగేది ఇదే” అన్నారు సార్.

ఇంటర్వ్యూలో వాళ్లు చూసేది మీకు ఎన్ని పేర్లు కంఠతా వచ్చో కాదు. ఒక మాట అంటే దాన్ని ఎట్లా పరీక్షిస్తావు, ఇంకో కారణం ఉందేమో అని నీకు నువ్వే అనుమానపడతావా లేదా అన్నది. మన పిల్లలు చిన్నప్పటి నుంచి అడవిని చూస్తూ పెరిగారు. తునికాకు ఎప్పుడు కోస్తే ముదరదో, తేనెపట్టు ఎప్పుడు నిండుతుందో తెలుసు. అది జ్ఞానమే. దాన్ని ప్రశ్నగా మార్చి, ప్రశ్నను ప్రయోగంగా మార్చడం నేర్చుకుంటే ఎవరి ముందైనా మాట్లాడగలరు.

సికిల్ సెల్ సంగతీ అంతే. మన గూడేల్లో ఆ జబ్బు ఉందని అందరికీ తెలుసు. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో కేంద్రం మిషన్ మొదలుపెట్టింది, 2047 కల్లా నిర్మూలించాలని. గూడేలకు వచ్చి రక్తపరీక్షలు చేసి కార్డులిస్తున్నారు. మా పిల్ల ఒకతి ఇంటర్వ్యూలో ‘నీకు ఇష్టమైన పాఠం?’ అంటే సికిల్ సెల్ అని చెప్పింది. బీటా గ్లోబిన్‌లో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ రావడం దగ్గర మొదలుపెట్టి, ఒక్క జన్యువు ప్రతి మాత్రమే మారినవాళ్లకు మలేరియా నుంచి కొంత రక్షణ ఎట్లా వస్తుందో చెప్పి, ఆ లక్షణమున్న ఇద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుందనే దాకా వచ్చింది. “ఇది నువ్వు పుస్తకంలో చదివావా?” అని అడిగారట. “మొదట మా పెద్దమ్మ ఇంట్లో చూశాను మేడమ్, తర్వాత పుస్తకంలో చదివాను” అంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇష్టమైన పాఠం అని ఏది చెబితే దాని అడుగు దాకా తవ్వుతారు. మూడు పొరలు తవ్వినా నిలబడే పాఠమే చెప్పండి. తెలియనిది వస్తే ‘తెలియదు సార్, కానీ ఇట్లా ఆలోచిస్తాను’ అనండి. తెలియదనడం తప్పు కాదు. తెలిసినట్టు నటిస్తే దొరికిపోతారు. బోర్డు మీద బొమ్మ గీయమంటే లేచి గీయండి. చేయి కదిలితే గొంతు కూడా లేస్తుంది, ఇది మేము చాలామందిలో చూశాం. ఇంగ్లిష్‌లో మాట తడబడితే ఆగి చిన్న వాక్యాలు చెప్పండి. వాళ్లకు కావాల్సింది ఆలోచన. చిన్న వాక్యంలో కూడా అది కనబడుతుంది.

కాగితాలు, వేసవి సెలవులు

ఇప్పుడు తల్లిదండ్రులు వినాల్సిన మాట. మా పిల్లకు ఒకసారి సీటు పోయింది జవాబు రాక కాదు, కాగితం లేక. కేంద్ర సంస్థలు కుల ధ్రువపత్రం కేంద్ర ప్రభుత్వ నమూనాలో అడుగుతాయి. మన దగ్గర ఉన్నది రాష్ట్ర నమూనాలోది. తండ్రి మండల ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చేలోపు తేదీ దాటిపోయింది. ఇప్పుడు మేము డిగ్రీ రెండో ఏడాదిలోనే ప్రతి పిల్లకూ ఒక ఫైలు పెడుతున్నాం: రెండు నమూనాల్లో కుల పత్రం, ఆదాయ పత్రం, టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ మెమోలు, టీసీ, ఆధార్. అన్నింట్లో పేరు ఒకే తీరుగా ఉందా అని చూస్తాం. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒకటి, ఆధార్‌లో ‘బాయి’ చేరి ఇంకొకటి ఉంటుంది. దాన్ని ఇంటర్వ్యూ ముందురోజు సరిచేయలేం.

పీహెచ్‌డీకి పీజీలో 55 శాతం కావాలంటారు. మనకు 50 ఉంటే చాలు. 52 వచ్చిన పిల్లలు ‘మాకు అర్హత లేదు’ అని అప్లై చేయకుండా ఊరుకోవడం మేము చూశాం. నోటిఫికేషన్ చివరి పేజీ దాకా చదవండి. పిలుపు ఉత్తరం కూడా చివరి దాకా చదవండి, కొన్నిచోట్ల రైలు ఛార్జీలు తిరిగి ఇస్తామని అక్కడే ఉంటుంది.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని బయట ఎవరూ గుర్తించరు. ఇంటర్వ్యూలు, కౌన్సెలింగులు ఎక్కువగా మే, జూన్, జూలైలో వస్తాయి. సరిగ్గా అప్పుడే హాస్టళ్లు ఖాళీ చేయిస్తాం. పిల్లలు ఊళ్లో ఉంటారు, ఫోన్‌కు సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. మెయిల్ వచ్చిన సంగతి నాలుగు రోజుల తర్వాత తెలుస్తుంది. హైదరాబాద్ వస్తే ఉండటానికి చోటు ఉండదు. చదువు, ర్యాంకు, ధైర్యం అన్నీ ఉండి కూడా ఒక్క రాత్రి పడుకునే చోటు లేక ఆగిపోయిన పిల్లలున్నారు.

రెండు సీట్లు వస్తే

పోయిన ఏడాది మా పిల్ల ఒకతికి జేఆర్‌ఎఫ్ వచ్చింది. రెండు చోట్ల పీహెచ్‌డీ సీటు కూడా వచ్చింది. ఒకటి ఇక్కడే హైదరాబాద్‌లో, ఒకటి బెంగళూరులో. వారంలో చెప్పాలన్నారు. రాత్రి మా గదికి వచ్చి, “మేడమ్, మీరైతే ఏది తీసుకుంటారు?” అంది.

మా మనసులో జవాబు సిద్ధంగా ఉంది. ఇక్కడే ఉండిపో, దగ్గర, మేమున్నాం, ఇంటికి రాత్రి బస్సు ఉంది. నోటి దాకా వచ్చింది. చాయ్ గ్లాసు పెట్టి ప్రశ్న అడిగిన ఆ టీచరమ్మ గుర్తొచ్చింది. ఆగిపోయాం. “మేమైతే అన్నది వదిలెయ్. ముందు రెండు చోట్లా ఆ గైడ్ల దగ్గర చదివే పిల్లల్ని కనుక్కుని మాట్లాడు” అన్నాం.

ఏం అడగాలో కూర్చుని రాశాం. ఆ ల్యాబులో ఎంతమంది పీహెచ్‌డీ పూర్తి చేశారు, ఎన్నేళ్లకు? మధ్యలో వదిలేసినవాళ్లున్నారా, ఎందుకు? గైడ్ వారానికి ఎన్నిసార్లు మాట్లాడతారు? తప్పు జరిగితే ఎట్లా మాట్లాడతారు? హాస్టల్ ఇస్తారా? రాత్రి ప్రయోగం ఉంటే తిరిగి ఎట్లా రావాలి? ఫెలోషిప్ డబ్బు ఆలస్యమైతే ఆ నెలలు ఎట్లా గడిపారు? మొదటి ఏడాదిలో రెండు మూడు ల్యాబులు చూసి ఎంచుకునే వీలుందా? సంస్థ పేరు గేటు మీద ఉంటుంది. పిల్ల ఐదేళ్లు బతికేది ఒక గదిలో, ఒక గైడ్ దగ్గర. కనుక్కోవాల్సింది ఆ గది గురించి.

రెండు చోట్లా మాట్లాడింది. ఇక్కడి ల్యాబులో గైడ్ మంచివారే, కానీ రెండేళ్లలో రిటైరవుతారు. బెంగళూరులో సీనియర్ ఒకమ్మాయి గంటసేపు మాట్లాడిందట, కష్టం కూడా దాచకుండా చెప్పిందట. పిల్ల బెంగళూరు అంది.

తర్వాత ఇల్లు. తండ్రిని పిలిపించాం. తండా నుంచి వచ్చి, వరండాలో కుర్చీ వేస్తే అంచు మీద కూర్చున్నాడు. “ఐదేండ్లా మేడమ్? అప్పటిదాకా పెండ్లి ఎట్ల? వయసు ఆగుతదా?” అన్నాడు. ఆ ప్రశ్న తప్పు కాదు, ఏ తండ్రైనా అడుగుతాడు. “అన్నా, పెండ్లి చేసుకుని కూడా పీహెచ్‌డీ చేయొచ్చు. ఆడపిల్లలకు రెండేళ్ల గడువు ఎక్కువ ఇస్తారు, కాన్పుకు, పిల్లల పెంపకానికి 240 రోజుల దాకా సెలవు ఉంటది” అని చెప్పాం. ఆయన కాసేపు ఊరుకుని, “ఖర్చు?” అన్నాడు. “ఖర్చు కాదన్నా, నెలకు 37,000 వాళ్లే ఇస్తరు.” “చదువుకుంటే జీతమా?” అని పిల్ల వైపు చూశాడు. పిల్ల తల ఊపింది. అంతే, ఒప్పుకున్నాడని చెప్పలేం. కానీ కాచిగూడ స్టేషన్‌కు రైలెక్కించడానికి వచ్చాడు. యాడి చేసిచ్చిన రొట్టెల మూట ఆయన చేతిలోనే ఉంది, రైలు కదిలేదాకా పిల్లకు ఇవ్వడం మరిచిపోయాడు. చివరికి కాపలా అన్న రైలు పక్కన పరిగెత్తి కిటికీలోంచి అందించాడు.

వదులుకున్న సీటుకు కూడా ఒక మర్యాద ఉంది. పిల్లతో అదే రోజు ఉత్తరం రాయించాం, ‘మాకు వేరే చోట సీటు వచ్చింది, ఇది వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు ఇవ్వండి’ అని. రెండు సీట్లూ చివరి రోజు దాకా పట్టుకుని కూర్చుంటే, బయట ఎదురుచూస్తున్నది మన పిల్లే కావచ్చు.

ఆ పిల్ల ఇప్పుడు ఎట్లా ఉందంటే, మొదటి మూడు నెలలు రోజూ ఏడుస్తూ ఫోన్ చేసింది. ఇప్పుడు వారానికొకసారి చేస్తోంది. ప్రయోగం చెడిపోయిందనే ఎక్కువసార్లు చెబుతుంది. బెంగళూరే సరైనదని మేము ఇప్పుడే అనలేం. కానీ రేపు ఎప్పుడైనా వచ్చి, చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి ప్రశ్న అడిగితే, ‘నిర్ణయం నీదే బిడ్డా, మేము నీతో కలిసి కనుక్కున్నాం, అంతే’ అని చెప్పగలం.

సంఘాన్ని మూడు అడుగుతున్నాం

పెద్దలారా, పది నిమిషాలన్నారు, ఎక్కువే తీసుకున్నాం. మూడు మాటలు అడిగి దిగిపోతాం.

ఒకటి, మే నుంచి జూలై దాకా ఇంటర్వ్యూలకు, కౌన్సెలింగులకు వచ్చే పిల్లలకు ఈ మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్ చుట్టుపక్కల రెండు గదులు చూపించండి. సంఘ సభ్యుల ఇళ్లలో ఒక గది ఖాళీగా ఉన్నా చాలు. మెట్రో పక్కనే ఉంది, పిల్లలు ఎక్కడికైనా పోగలుగుతారు.

రెండు, చిన్న ప్రయాణ నిధి పెట్టండి. అప్లికేషన్ ఫీజు, రైలు టికెట్, మెరుగైన ఒక జత బట్టలు. పెద్ద మొత్తం అక్కర్లేదు. అడగ్గానే అందేలా ఉండాలి, అంతే.

మూడు, మన పిల్లల్లో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో ఒక జాబితా రాయండి. ఒప్పుకున్నవాళ్ల ఫోన్ నంబర్లు మా హాస్టళ్లకు ఇవ్వండి. మా పిల్లకు బెంగళూరులో ఎవరో తెలియని అమ్మాయి గంటసేపు మాట్లాడింది కదా, రేపు ఆ గంట మన అమ్మాయే ఇంకో పిల్లకు ఇవ్వాలి.

పిల్లలూ, వెనక కూర్చున్నవాళ్లు, మీకొక్క మాట. రేపు సోమవారం రాత్రి అన్నాలయ్యాక భోజనాల గదిలో బల్లలు జరుపుతాం. మొదటి ప్రశ్న వంటక్క అడుగుతుంది. అదేంటో మీకందరికీ తెలుసు. జవాబు గట్టిగా, నిటారుగా కూర్చుని చెప్పాలి. ఇక్కడున్న తల్లిదండ్రుల్లో ఎవరికైనా వచ్చి చూడాలనుంటే రండి, చాయ్ ఇస్తాం.